వేడెక్కితేనే జారే గేర్ బాక్స్: ఒక సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ కారు కేసు

ఈ కేసు రాయాలనిపించడానికి కారణం ఒకటే. గేర్ బాక్స్ దించి, విప్పి, క్లచ్ ప్లేట్లు సీళ్ళు అన్నీ మార్చి బిగించినాక కూడా ఆ బండి ఇంకో ఏడాదిలో అదే జబ్బుతో మళ్ళీ వచ్చేది, ట్రయల్ లో స్కానర్ మీద ఒక్క అంకె నా కంట్లో పడకపోయుంటే. ఆ అంకె దాకా ఎలా వచ్చామో, మధ్యలో నేను ఎక్కడెక్కడ తప్పుదారి పట్టానో మొత్తం రాస్తున్నా.

నాది విజయవాడ ఆటోనగర్ లో గ్యారేజ్, ఆటోమేటిక్ బాక్సులే ఎక్కువగా చూస్తా. ఓనర్ గారి వివరాలు, కారు కంపెనీ, అమ్మినవాళ్ళ పేరు ఇవేవీ రాయట్లేదు, వాటితో పని కూడా లేదు, ఎందుకంటే ఈ కథ ఏ కంపెనీ 6 స్పీడ్ టార్క్ కన్వర్టర్ బాక్సుకైనా (ఇంజన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్లకి అందించే రకం) జరగొచ్చు.

బండి సంగతి

2016 మోడల్ పెట్రోల్ సెడాన్, మీటర్ మీద 84 వేలు. ఓనర్ గారు కొని అప్పటికి రెండు నెలలే అయింది. సర్వీస్ బుక్ లో 40 వేల దాకా ముద్రలున్నాయి, ఆ తర్వాత ఖాళీ. కొనేముందు పొద్దున ఎనిమిదింటికి వెళ్ళి నాలుగు కిలోమీటర్లు నడిపి చూసుకున్నారట, మెత్తగా వెళ్ళిందని అడ్వాన్స్ ఇచ్చేశారు.

ఎవరైనా "ఆటోమేటిక్ జారుతోంది" అని ఫోన్ చేస్తే నేను ముందు అడిగేది అది ఏ రకం ఆటోమేటిక్ అని. ఏఎంటీ అయితే లోపల ఉండేది మామూలు మాన్యువల్ బండి క్లచ్ ప్లేటే, అది అరిగితే మారుస్తాం, అయిపోయింది. సీవీటీ అయితే బెల్టు, పుల్లీలు, దాని లెక్క వేరు. టార్క్ కన్వర్టర్ బాక్సులో మాత్రం గేర్ పట్టుకోవాలంటే ఆయిల్ ప్రెషర్ పిస్టన్ ని నెట్టాలి, పిస్టన్ క్లచ్ ప్లేట్లని నొక్కాలి. అంటే జారుతోంది అంటే ప్లేట్లు అరిగాయి అనే కాదు, నొక్కే బలం చాలట్లేదు అని కూడా అర్థం. ఈ బండి ఆ మూడో రకం.

ఓనర్ గారు చెప్పింది ఆయన మాటల్లోనే: "పొద్దున ఆఫీసుకెళ్ళేటప్పుడు పువ్వులా వెళ్తుందండీ. సాయంత్రం బెంజి సర్కిల్ దాటేసరికి ఇంజన్ అరుస్తుంది గానీ బండి ముందుకి పోదండీ, కాసేపాగి ధబ్ మని పట్టుకుంటుంది."

ఆ ఒక్క మాటలోనే సగం రోగం ఉంది. పొద్దున బాగుంది, సాయంత్రం లేదు. నేను అది విన్నా, జాబ్ కార్డు మీద రాసుకున్నా కూడా. అయినా దాని ప్రకారం నడుచుకోలేదు, అదే మొదటి తప్పు.

మొదటిసారి

ఆయన పొద్దున బండి వదిలి వెళ్ళారు, నేను చెయ్యి పెట్టేసరికి రెండు గంటలైంది, ఇంజన్ చల్లబడిపోయింది. స్కానర్ పెడితే ఒక్క కోడ్ కూడా లేదు. కానీ రెడీనెస్ మానిటర్లు, అంటే బండి కంప్యూటర్ తనని తాను చేసుకునే పరీక్షల జాబితా చూస్తే సగం "కంప్లీట్ కాలేదు" అని ఉన్నాయి, అంటే ఈమధ్యే ఎవరో కోడ్లు చెరిపేశారు లేదా బ్యాటరీ తీసి పెట్టారు. రెండు నెలల్లో తను బ్యాటరీ ముట్టుకోలేదు గానీ, వారం కిందట వీధిలో మెకానిక్ ఒకాయన "కంప్యూటర్ పెట్టి ఏదో క్లియర్ చేశాడండీ" అని ఓనర్ గారు ఫోన్ లో చెప్పారు. సాక్ష్యం తుడిచేసినట్టే అది. కోడ్ చెరిపేముందు కనీసం ఫోన్ తో ఫోటో తీసుకోండని తర్వాత వచ్చే ప్రతి కస్టమర్ కీ చెప్తున్నా.

స్టాల్ టెస్ట్ చేశా, అంటే బండి కదలకుండా పట్టుకుని రేజ్ ఇస్తే ఇంజన్ ఎంత స్పీడ్ దాకా లేస్తుందో చూడడం, క్లచ్ జారితే హద్దు దాటి లేస్తుంది. చక్రాలకి దిమ్మలు, హ్యాండ్ బ్రేక్, కాలి బ్రేక్ గట్టిగా తొక్కి డి లో పెట్టి ఫుల్ యాక్సిలరేటర్, ఐదు సెకన్లకి మించకూడదు, ఆపైన న్యూట్రల్ లో కనీసం ఒక నిమిషం వదిలి చల్లారనివ్వాలి. ఇంజన్ 2,250 ఆర్పీఎం దగ్గర ఆగింది, మాన్యువల్ చెప్పిన హద్దులోనే ఉంది. పావుగంట రోడ్డు మీద తిప్పా, ఏ గేరూ జారలేదు. దాంతో "లోపల క్లచ్ లు బానే ఉన్నట్టున్నాయి, ఆయిల్ దగ్గరే ఏదో ఉంది" అని అనుకున్నా.

ఆయిల్ చూస్తే ఆ అనుమానం ఇంకా బలపడింది. ఈ బాక్సుకి డిప్ స్టిక్ ఉండదు, లెవెల్ ప్లగ్ విప్పి చూడాలి. బండి లిఫ్ట్ మీద సమానంగా ఉండాలి, ఇంజన్ నడుస్తూ ఉండాలి, ఆయిల్ 50 నుంచి 60 డిగ్రీల మధ్య ఉండాలి, అప్పుడు ప్లగ్ తీస్తే సన్నగా దారంలా కారాలి. చుక్క కూడా రాలేదు. పోస్తూ పోతే 700 మిల్లీలీటర్లు పట్టాక అప్పుడు కారింది. పాత ఆయిల్ కొంచెం తెల్ల టిష్యూ మీద వేసి చూస్తే కొత్త ఏటీఎఫ్ (ఆటోమేటిక్ బాక్సు ఆయిల్) కుండే ఆ ఎరుపు ఎక్కడా లేదు, టీ డికాషన్ రంగు, వాసన చూస్తే పోపు మాడినట్టు.

ఆయిల్ తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది, గాలి కలిసిన ఆయిల్ నొక్కుకుపోతుంది గానీ పిస్టన్ ని గట్టిగా నెట్టదు, గేర్ జారుతుంది. లెక్క సరిపోయింది అనిపించింది. ఇక్కడ ఒక నిర్ణయం, మెషిన్ పెట్టి మొత్తం ఫ్లష్ చేయాలా, డ్రెయిన్ చేసి పోయాలా అని. చరిత్ర తెలియని, ఆయిల్ మాడిన బాక్సుకి నేను మెషిన్ ఫ్లష్ చేయను, మూలల్లో పేరుకున్న చెత్త అంతా ఒక్కసారి లేచి వాల్వ్ బాడీలో (ఆయిల్ ని ఏ క్లచ్ కి పంపాలో అటు మళ్ళించే భాగం) సన్నటి దారుల్లో ఇరుక్కునే భయం ఉంటుంది. డ్రెయిన్ చేస్తే సగం లోపే మారుతుంది, మిగతాది కన్వర్టర్ లో ఉండిపోతుంది, అందుకని వారం గ్యాప్ లో రెండుసార్లు చేశా. కంపెనీ చెప్పిన గ్రేడ్ ఆయిలే పోశా, అడాప్టేషన్ (బాక్సు కంప్యూటర్ గేర్లు మార్చడానికి నేర్చుకున్న లెక్కలు) రీసెట్ చేసి మళ్ళీ నేర్పించా. బండి ఇచ్చేశా.

ఆ 700 మిల్లీలీటర్లు ఎక్కడికి పోయింది అన్న ప్రశ్న నేను వేసుకోలేదు. బాక్సు కింద చెమ్మ లేదు, యాక్సిల్ సీళ్ళు పొడిగా ఉన్నాయి, కూలెంట్ లో ఆయిల్ కలవలేదు, కలిస్తే పాలు పోసినట్టు గులాబీ రంగు నురగ వచ్చేది. లీకు ఎక్కడా లేకుండా ఆయిల్ తగ్గదు. "ముందు ఎవరో తక్కువ పోసుంటారులే" అని సరిపెట్టుకున్నా. ఎవరు, ఎప్పుడు, ఏ పని చేస్తూ తక్కువ పోశారు అని ఇంకో అడుగు వేసుంటే ఈ కేసు నెలరోజుల ముందే తేలిపోయేది.

రెండోసారి

పది రోజులకి ఓనర్ గారు మళ్ళీ వచ్చారు. ఈసారి సాయంత్రం, తిన్నగా ట్రాఫిక్ లోంచి. కోడ్ ఉంది, పి0733, అంటే మూడో గేర్ రేషియో తప్పుగా వస్తోందని. స్కానర్ లైవ్ డేటా పెట్టుకుని ఆయన్నే నడపమన్నా.

ఇది చాలామంది వాడరు, కానీ జారుడు ఎంత ఉందో అంకెల్లో తెలిసేది ఇక్కడే. బాక్సులోకి వచ్చే టర్బైన్ స్పీడ్, బయటికి పోయే అవుట్ పుట్ స్పీడ్ రెండూ కనిపిస్తాయి. మూడో గేర్ రేషియో సుమారు 1.8 అయితే అవుట్ పుట్ 1,000 తిరుగుతుంటే టర్బైన్ 1,800 దగ్గర ఉండాలి. మాకు 2,300 చూపించింది. ఆ 500 తేడా అంతా క్లచ్ ప్లేట్ల మధ్య రాపిడే, రాపిడంతా వేడే.

ఇక్కడ రెండో తప్పు చేశా. మూడో గేర్ క్లచ్ ని నడిపే సోలినాయిడ్ (కరెంటుతో ఆయిల్ ప్రెషర్ ని అదుపు చేసే వాల్వ్) మీద అనుమానం పెట్టుకున్నా. కారణం లేకపోలేదు, వేడికి సోలినాయిడ్లు మొరాయించడం చూశా, పైగా బాక్సు దించకుండా మార్చొచ్చు, ఓనర్ గారికి ఖర్చు తక్కువ. రెసిస్టెన్స్ కొలిస్తే 5.2 ఓమ్స్, సరిగ్గానే ఉంది. పి0733 కూడా సోలినాయిడ్ కరెంటు కోడ్ కాదు, గేర్ రేషియో కోడ్. రెండు ఆధారాలూ కాదంటున్నా చవకగా పోతుందేమోనన్న ఆశతో మార్చా. జారుడు ఏమీ తగ్గలేదు. ఆ సోలినాయిడ్ డబ్బు నేను తీసుకోలేదు, నా ఊహకి ఆయన ఖర్చు పెట్టుకోవాల్సిన పనిలేదు.

దారి దొరికింది ఇక్కడ

బండి తీసుకెళ్తూ ఆయన మామూలుగా ఒక మాట అన్నారు. "సాయంత్రాలు మా ఇంటి ర్యాంప్ మీద రివర్స్ కూడా ఎక్కట్లేదండీ, పొద్దున్నే ఎక్కించుకుంటున్నా." నేను అక్కడే ఆపేశా ఆయన్ని.

చాలా 6 స్పీడ్ ఫ్రంట్ వీల్ డ్రైవ్ బాక్సుల్లో ఒకే క్లచ్ మూడో గేర్ లో, ఐదో గేర్ లో, రివర్స్ లో పనిచేస్తుంది. 1, 2, 3, 4 లో ఒకటి పట్టుకుంటుంది, 4, 5, 6 లో ఇంకోటి, 2, 6 లో ఇంకోటి. ఏ క్లచ్ ఏ గేర్ లో పనిచేస్తుందో ఆ చార్ట్ మాన్యువల్ లో ఉంటుంది, దాన్ని ప్రింట్ తీసి గోడకి అంటించుకోవాలి. మూడు జారుతోంది, రివర్స్ జారుతోంది, నాలుగు బానే ఉంది, ఒకటీ రెండూ బానే ఉన్నాయి. అయితే ఐదు కూడా జారాలి. ఆ సాయంత్రమే హైవే మీద ఐదో గేర్ లో రేజ్ ఇచ్చి చూశాం, జారింది. ఇక సోలినాయిడా, పంపా, ఆయిలా అని వెతకడం ఆగిపోయింది, 3-5-రివర్స్ క్లచ్ దారిలోనే ఎక్కడో ప్రెషర్ పోతోంది.

నా మొదటి స్టాల్ టెస్ట్ ఎందుకు మోసం చేసిందో కూడా అప్పుడే అర్థమైంది. డి లో స్టాల్ చేస్తే పనిచేసేది ఫస్ట్ గేర్ క్లచ్, జబ్బున్న క్లచ్ కి ఆ పరీక్షలో పనే లేదు. అదీకాక చల్లటి బండి మీద చేశా. ఈసారి ఆయిల్ 95 డిగ్రీలు దాటాక డి లో చేస్తే 2,300, రివర్స్ లో చేస్తే 2,950. ఆ రెండంకెల పక్కన ఇంక వ్యాఖ్యానం అక్కర్లేదు.

ప్రెషర్ గేజ్ పెట్టి చూశా. చల్లగా ఉన్నప్పుడు పంపు ఇచ్చే మెయిన్ లైన్ ప్రెషర్ కీ ఆ క్లచ్ కి అందే ప్రెషర్ కీ తేడా అర బార్, వేడెక్కాక రెండు బార్ పైనే. మెయిన్ లైన్ నిలబడింది కాబట్టి పంపు ఆరోగ్యంగానే ఉంది. ఆయిల్ వేడెక్కేకొద్దీ పల్చబడుతుంది, పల్చటి ఆయిల్ చిన్న సందులోంచి కూడా పారిపోతుంది, పొద్దున చిక్కగా ఉన్నప్పుడు అదే సందు తనే మూసుకున్నట్టు ఉంటుంది. మరి సందు వాల్వ్ బాడీలోనా, క్లచ్ పిస్టన్ సీల్ దగ్గరా? ఇది తేలకుండా బాక్సు దించకూడదు, ఎందుకంటే వాల్వ్ బాడీ అయితే దించక్కర్లేదు. వాల్వ్ బాడీ తీసేసి కేసు మీద ఆ క్లచ్ కి పోయే రంధ్రంలో రెగ్యులేటర్ తో 40 పీఎస్ఐ గాలి కొట్టా. మంచి క్లచ్ అయితే లోపల "టక్" మని ఒక్క శబ్దం వచ్చి ఆగిపోతుంది. పక్క క్లచ్ అలాగే టక్ మంది. మన క్లచ్ మెల్లగా కదిలి, గాలి వదిలినంతసేపూ బుస్ మంటూనే ఉంది. మా కుర్రాడు చెవి పెట్టి విని "అన్నా, లోపల పామున్నట్టుంది" అన్నాడు. సీల్ పోయింది.

దించడం, విప్పడం

అప్పుడు ఓనర్ గారితో కూర్చుని మాట్లాడా. షోరూంలో కొత్త బాక్సుకి రెండు లక్షల పైచిలుకు చెప్పారట. పాత ఇనుము దగ్గర వాడిన బాక్సు చవకగా దొరుకుతుంది, కానీ దాని లోపల ఏముందో వేడెక్కించి చూసేదాకా తెలీదు, ఒక తెలియని బాక్సు తీసి ఇంకో తెలియనిది పెట్టినట్టవుతుంది. మనకి జబ్బు ఒక క్లచ్ దగ్గరే ఉందని తెలుసు కాబట్టి దీన్నే బాగుచేద్దామన్నా. "మీరెలా చెప్తే అలా చేద్దామండీ, కానీ మళ్ళీ మళ్ళీ రాకుండా చూడండి" అన్నారు. ఆ మాట నా మీద బరువే వేసింది.

విప్పాక 3-5-రివర్స్ డ్రమ్ చేతిలోకి తీసుకుంటే కథ అంతా కనపడింది. ప్లేట్ల మీద కాగితం లాంటి పొర నల్లగా గాజులా మెరుస్తోంది, మధ్యలో స్టీల్ ప్లేట్ల మీద వేడికి నీలం మచ్చలు. పిస్టన్ సీల్ అంచుని గోటితో నొక్కా. కొత్త సీల్ నొక్కితే లోపలికి పోయి మళ్ళీ పైకి లేస్తుంది. ఇది ప్లాస్టిక్ గాజులా ఉంది, కొంచెం వంచేసరికి చిట్లిపోయింది. పక్క క్లచ్ ల సీళ్ళు కూడా గట్టిబడడం మొదలైంది గానీ ఇంకా బతికే ఉన్నాయి. సిటీలో 2 నుంచి 3, మళ్ళీ 3 నుంచి 2, ఇవే మార్పులెక్కువ, అందుకే ఈ క్లచ్ ముందు పోయింది. పాన్ లోపల మాగ్నెట్ మీద బూడిద రంగు ముద్ద ఉంది, అది మామూలే, చెక్కులు గానీ ఇనుప ముక్కలు గానీ లేవు, గేర్లూ బేరింగులూ బాగున్నట్టు.

మొత్తం సీల్ కిట్, ఆ క్లచ్ లో కాగితం పొర ఉన్న ఫ్రిక్షన్ ప్లేట్లు, స్టీల్ ప్లేట్లు రెండూ, ఫిల్టర్ మార్చాం. మిగతా క్లచ్ ల ప్లేట్లు కొలిచి చూస్తే మందం బాగానే ఉంది, వాటిని ముట్టుకోలేదు, సీళ్ళు మాత్రం అన్నిటికీ కొత్తవే. ప్లేట్లు ఆయిల్ లో నానబెట్టి ఎక్కించి, క్లియరెన్స్ (ప్లేట్ల దగ్గర ఉండాల్సిన సందు) ఫీలర్ గేజ్ తో చూసి, ప్లేట్లని పట్టి ఉంచే స్నాప్ రింగ్ సైజు ఎంచుకున్నాం. కన్వర్టర్ దగ్గర కాసేపు తటపటాయించా. దాని లాకప్ (కన్వర్టర్ లోపలి క్లచ్) బానే పట్టుకుంటోంది, వదిలేస్తే ఆయనకి కొన్ని వేలు మిగులుతాయి. కానీ మాడిన క్లచ్ పొడి అంతా కన్వర్టర్ కడుపులో ఉంటుంది, అది పైపైన కడిగితే పోదు, వాల్వ్ బాడీ దారుల్లోకి అదే మళ్ళీ తిరుగుతుంది. కోయించి, శుభ్రం చేయించి, లోపల లైనింగ్ మార్పించి తెప్పించా. బాక్సు ఆయిల్ ని చల్లబరిచే కూలర్ పైపులు కూడా వెనక నుంచి ముందుకి సాల్వెంట్ తో, గాలితో కడిగాం, బాగానే పారింది. ఆ "బాగానే పారింది" నన్ను మళ్ళీ మోసం చేసింది.

112 డిగ్రీలు

బిగించాక ఆటోనగర్ నుంచి బందరు రోడ్డు మీద కంకిపాడు దాకా వెళ్ళొచ్చాం. గేర్లు వెన్నలా మారుతున్నాయి, రివర్స్ వెంటనే పట్టుకుంటోంది. పక్క సీట్లో స్కానర్ ఉంది. తిరిగొచ్చేటప్పుడు ఏసీ వేసి, ట్రాఫిక్ లో ఆగుతూ వస్తుంటే ఏటీఎఫ్ టెంపరేచర్ 98, 104, 112. అక్కడ పక్కకి ఆపేశా. ఇలాంటి బండి 80 నుంచి 95 మధ్య ఉండాలి. జారుడు లేదు, రాపిడి లేదు, మరి ఈ వేడి ఎక్కడిది?

అంటే సీల్ దానంతటది వయసుకి పోలేదు. దాన్ని ఇన్నాళ్ళూ ఏదో ఉడకబెడుతోంది, మనం కొత్త సీల్ పెట్టి మళ్ళీ అదే పొయ్యి మీద ఎక్కించాం.

కూలర్ నుంచి తిరిగొచ్చే పైపు విప్పి కొలత జగ్గులోకి పెట్టి ఐడిల్ లో 20 సెకన్లు వదిలితే సుమారు లీటరు రావాలి, నేను వాడే మోటు లెక్క అది. మర్నాడు పొద్దున చల్లగా కొలిస్తే 900 మిల్లీలీటర్లు. నడిపి వేడి చేసి కొలిస్తే 300. బ్యాటరీ ట్రే తీసి, గాలి డక్ట్ తీసి టార్చి వేసి చూశా. రేడియేటర్ కింద కూలర్ కి పోయే రబ్బరు గొట్టం కంపెనీది కాదు, మీటర్ లెక్కన కోసి అమ్మే మామూలు గొట్టం, కావాల్సిన దానికంటే పొడుగు, బ్రాకెట్ వెనక మెలిక తిరిగి ఉంది. చల్లగా ఉన్నప్పుడు గట్టిగా గుండ్రంగానే ఉంటుంది, వేడెక్కి మెత్తబడ్డాక ఆ మెలిక దగ్గర చపాతీలా నొక్కుకుపోతోంది. మేము కడిగినప్పుడు బాక్సు కిందుంది, గొట్టం విడిగా వేలాడుతోంది, అందుకే బాగా పారింది.

రేడియేటర్ మీద తయారీ ముద్ర చూస్తే బండి కంటే మూడేళ్ళు కొత్తది. ముందు సపోర్ట్ బోల్టుల మీద పెయింటు చిట్లి ఉండడం మొదటిరోజే చూశా, "ముందు గుద్దుడు పని అయింది, రీసేల్ కి దెబ్బ" అని మాత్రమే అనుకున్నా. రేడియేటర్ మార్చినప్పుడు కూలర్ లోనూ గొట్టాల్లోనూ ఉన్న ఏటీఎఫ్ కారిపోతుంది. అది తిరిగి పోయలేదు. ఆ 700 మిల్లీలీటర్లు పోయింది అక్కడ. గొట్టం మెలికా అక్కడే పడింది. రెండూ ఒకే రోజు, ఒకే పనిలో జరిగినవి.

కొలతకి సరిపోయే వంపు తిరిగిన ఒరిజినల్ గొట్టం, బ్రాకెట్ తెప్పించి వేశాం. ఆ పార్టు బాక్సు మొత్తం బిల్లు 68 వేలలో అతి చిన్న అంకె. మళ్ళీ కంకిపాడు, మళ్ళీ ఏసీ, మే నెల మధ్యాహ్నం. 91 దాటలేదు. వేడిగా ఫ్లో కొలిస్తే 900 పైనే.

ఆ తర్వాత మా దగ్గర మారినవి

జారుతున్న బండి ఏదొచ్చినా ఇప్పుడు ముందు జబ్బు కనపడే స్థితికి తీసుకొస్తాం, ఆ తర్వాతే గేజ్ పెడతాం. వేడిలో జారేది వేడిలో, పొద్దున్నే జారేది రాత్రంతా ఉంచి పొద్దున్నే. చల్లగా బాగా జారి వేడెక్కాక సర్దుకునే బాక్సులు కూడా వస్తాయి, వాటి దారి వేరు. స్టాల్ టెస్ట్ డి లోనూ రివర్స్ లోనూ రెండూ చేస్తాం. కూలర్ ఫ్లో బాక్సు దించకముందే, వేడి మీదే కొలుస్తాం. ఆయిల్ తక్కువుంటే జాబ్ కార్డు మీద "ఎక్కడికి పోయింది" అని ఒక గడి పెట్టా, దానికి జవాబు రాయకుండా బండి బయటికి పోదు.

సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ కొనేవాళ్ళు నన్ను అడిగితే ఇప్పుడు చెప్పేది ఇదే. పొద్దున నాలుగు కిలోమీటర్లు కాదు, మధ్యాహ్నం ఏసీ వేసుకుని ట్రాఫిక్ లో అరగంటైనా నడపండి, ఆ తర్వాత ఎక్కడైనా ఎత్తు చూసి రివర్స్ లో ఎక్కించండి. మీరు వెళ్ళేసరికే ఇంజన్ వేడిగా ఉంటే కంగారు లేదు, చల్లగా ఉన్న బండినే చూపించి పది నిమిషాల్లో చాలంటే మాత్రం ఇంకోరోజు వస్తామనండి. చిన్న ఓబీడీ స్కానర్ తీసుకెళ్ళి రెడీనెస్ చూడండి, మొన్నే చెరిపేశారా లేదా అన్నది అదే చెప్తుంది. రేడియేటర్ బోల్టుల పెయింటు కూడా చూడండి, చిట్లితే కొనొద్దని కాదు, ఆ పని చేసినప్పుడు ఏటీఎఫ్ పోశారా, గొట్టం ఏది వేశారు అని అడగడానికి.

మూడు నెలలకి, ఆరు వేల కిలోమీటర్లు తిరిగాక ఓనర్ గారిని రమ్మన్నా. సాయంత్రమే రమ్మన్నా, ఆఫీసు నుంచి తిన్నగా. స్కానర్ పెడితే 88 డిగ్రీలు, కోడ్లు లేవు, మూడో గేర్ లో టర్బైన్ కీ అవుట్ పుట్ కీ లెక్క తేడా లేకుండా సరిపోయింది. లెవెల్ ప్లగ్ విప్పితే ఎర్రటి ఆయిల్ సన్నగా దారంలా కారింది. ఆయన కూడా వంగి చూశారు. ఇంటి ర్యాంప్ మీద ఇప్పుడు రాత్రిపూటే ఎక్కిస్తున్నారట.